ముందే చూసిన గ్రాఫు

మా పనిలో చూడకూడని చోటు ఒకటి ఉంటుంది. గ్రాఫులో ఎడమ నుంచి కుడికి ద్రవ్యరాశి పెరుగుతూ పోతుంది. మధ్యలో వేలెడు వెడల్పున ఒక పట్టీని మూసి ఉంచుతాం. మేం వెతికే కొత్త కణమంటూ ఉంటే దాని జాడ కనబడేది అక్కడే, కాబట్టి అక్కడ మాత్రం చూడం. ఏళ్ళ తరబడి పట్టీకి అటూ ఇటూ ఉన్న డేటాతోనే కుస్తీ పడతాం. దేన్ని ఉంచాలో దేన్ని పారేయాలో ముందే తేల్చుకుంటాం. అంతా ఖరారై, తనిఖీ చేసే పెద్దలు సరేనన్నాక, అందరి ముందూ ఒకేసారి ముసుగు తీస్తాం.

బయటివాళ్ళకి ఇది చాదస్తంగా తోస్తుంది. కళ్ళుండి చూడకపోవడమేమిటి అంటారు. మనిషి ఆశపోతు అన్నదే మా జవాబు. కావలసింది కనబడితే వెతకడం ఆపేస్తాడు, కనబడకపోతే కనబడేదాకా లెక్కలు తిరగేస్తూనే ఉంటాడు. రెండూ మోసమే, రెండింట్లోనూ మోసపోయేది మొదట తానే. అది తెలిసిన వాళ్ళెవరో ఈ ఆచారం పెట్టారు. మేము మారు మాట్లాడకుండా పాటిస్తున్నాం.

నేను ఆ పట్టీలోకి ముందే చూశాను.

ఎలా చూశానో చెప్పే ముందు నా సంగతి కొంత చెప్పాలి. మాది అరకు పైన కొండవాలులో ఊరు. మిరియాల తీగలు, కాఫీ మొక్కలు, మెట్ట మీద చోళ్ళు, సామలు. ఆశ్రమ పాఠశాలలో చదివాను, విశాఖలో డిగ్రీ చేశాను, ఆ తర్వాత దూరపు నగరంలో ఒక పరిశోధనా సంస్థలో పీహెచ్‌డీకి చేరాను. మా ప్రయోగం మాత్రం వేరే దేశంలో, భూమి అడుగున సొరంగంలో జరుగుతుంది. ప్రొటాన్లను ఎదురెదురుగా పరిగెత్తించి ఢీకొట్టిస్తారు. ఆ సొరంగాన్ని నేను చూసింది రెండుసార్లే. మిగతా ఉద్యోగమంతా లాప్‌టాప్‌లోనే. మా ఊళ్ళో మాత్రం నేను రోజూ సొరంగంలోకి దిగి పైకి వస్తానని ఇప్పటికీ కొందరి నమ్మకం. సంతలో కనబడితే, తప్పిపోయిన మేక గురించి అడిగినట్టు, "దొరికిందేటమ్మా అది?" అని అడుగుతారు. ఇంకా లేదంటాను. పాపం అంటారు.

ఢీకొన్న ప్రతిసారీ వచ్చే చెత్త ఇంతా అంతా కాదు. అందులో పనికొచ్చేవి ఏరుకోవడానికి హద్దులు గీసుకుంటాం. ఇంతకన్నా తక్కువ శక్తి ఉన్న కణమైతే పారేయి, ఇంత దూరం వంగితే ఉంచు, ఇలాగన్నమాట. ఆ హద్దుల్ని మేము కట్‌లు అంటాం. నా పరిశోధనకి ఇరవై పైచిలుకు కట్‌లుండేవి. ఒక్కొక్కదాని వెనకా వారాల పని, గ్రూపులో వాదనలు, మా గైడ్ ముఖం చిట్లింపులు. నాలుగో ఏడు గడిచేసరికి అవన్నీ దాదాపు స్థిరపడ్డాయి. ఇంకో మూడు నెలల్లో ముసుగు తీసే అనుమతి అడగాలి. ఆ ఫలితమే నా థీసిస్. ఆ నాలుగేళ్ళలో నేను చేసిన పని వేరేదేమీ లేదు.

అప్పుడు వేసవి మొదలౌతోంది. కాఫీ తోటలో జారిపడి అమ్మ కాలు విరగ్గొట్టుకుంది. ఐదు వారాలు సెలవడిగి ఇంటికి వచ్చాను. సెలవు అంటే మా దగ్గర పని ఆపడం కాదు, వేరే చోట కూర్చుని అదే పని చేయడం.

మా ఇంట్లో సెల్ సిగ్నల్ రాదు. ఊరి వెనక తోటలో పావుగంట ఎక్కితే ఒక బండ ఉంది. దాని మీద తూర్పు అంచున కూర్చుంటే వస్తుంది, పడమటి అంచున రాదు. పిల్లలు సినిమాలు దించుకునేదీ, పెద్దలు కొడుకులతో మాట్లాడేదీ అక్కడే. పొద్దున్నే అమ్మకి అంబలి ఇచ్చి, లాప్‌టాప్ సంచీలో వేసుకుని నేనూ బండెక్కేదాన్ని. సొరంగం ఉన్న దేశంలోని కంప్యూటర్లకి పని పురమాయించేదాన్ని. అవి లెక్కవేసి గ్రాఫులు పంపిస్తే దించుకుని, కిందికొచ్చి, ఇంటి అరుగు మీద తీరిగ్గా చూసుకునేదాన్ని. బండ మీద గ్రాఫులు తెరిచి కూర్చుంటే వెనక క్యూ పెరిగేది.

పొరపాటు అక్కడ జరిగింది. మా ప్రోగ్రాములో ముసుగు వేయమనీ, తీయమనీ చెప్పే మాట ఒకటుంటుంది. కంప్యూటర్ తనంతట తాను అల్లే నకిలీ డేటాకి ముసుగు అక్కర్లేదు, అందులో చూసినా పాపం లేదు. అంతకు ముందు రోజు నకిలీ డేటాతో పని చేశాను. మర్నాడు అసలు డేటాలో కొంత ముక్కతో చేయాలి. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ప్రతిసారీ ఆదేశమంతా టైపు చేయలేక, బాణం మీట నొక్కి నిన్నటి వరసనే మళ్ళీ పైకి తెచ్చుకుని, డేటా పేరు ఒక్కటి మార్చి పంపేశాను. ముసుగు తీయమన్న మాట అందులో అలాగే ఉండిపోయింది. ఈ బాణం మీట బద్ధకం మా వాళ్ళందరికీ ఉన్నదే.

అరుగు మీద ఆరు గ్రాఫులు తెరిచాను. నాలుగోదానిలో పట్టీ మూసి లేదు. కొత్త కణమేదీ లేకపోతే చుక్కలన్నీ గీత మీదే ఉండాలి. మధ్యలో మూడు చుక్కలు గీత మీద నుంచి పైకి లేచి ఉన్నాయి.

ఎంతసేపు చూశానో చెప్పలేను. రెప్పపాటు చూసినా గంట చూసినా తేడా ఏమీ లేదు. తర్వాత ఆ ఫైలు చెరిపేశాను. చెరిపేస్తే ఏమిటి, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే. నాకు మొదట కలిగింది సంతోషం. భయం కాదు, తప్పు చేశానన్న బాధ కూడా కాదు. ఎవరూ చూడనిది నేను చూశానని ఒళ్ళంతా పొంగింది. భయం అంట్లు తోముతుండగా వచ్చింది.

ముసుగు ముందే తీసినవాళ్ళు గ్రూపుకి చెప్పాలి, అది రాసిపెట్టిన నియమం. చెబితే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. చూసిన కంటితో కట్‌లు పెట్టకూడదు కదా. అంటే నాలుగేళ్ళ పని చేజారిపోవడమే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కట్‌లన్నీ ముందే పెట్టుకున్నాను, చూసినంత మాత్రాన మారేదేముంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వాదనలో తప్పేమీ కనబడలేదు. మర్నాడు మామూలుగా బండెక్కి పని చేసుకున్నాను.

ఆ రోజుల్లో మా ఊళ్ళో మామిడి విరగకాసి ఉంది. ఎవరూ ముట్టడం లేదు. మామిడి కొత్త పండగ చేసి, దేవతకి పెట్టేదాకా మా దగ్గర కొత్తకాయ నోట పెట్టరు. పండగకి పెద్దలు ఇంకా రోజు పెట్టలేదు. మా ఇంటివాళ్ళం తాతల నాటి నుంచి చర్చికి వెళ్ళేవాళ్ళమే. ప్రథమ ఫలాలు పాస్టరుగారికి అందుతాయి. అయినా అమ్మమ్మ కొత్త కాకముందు మామిడికాయ ముట్టదు, మమ్మల్ని ముట్టనివ్వదు. ఆదివారం చర్చికీ వెళుతుంది, ఊరి పండక్కీ వెళుతుంది. రెండుచోట్లా హాజరు వేయించుకునే మనిషి.

ఒక మధ్యాహ్నం ఆవిడ అరుగు మీద అడ్డాకులు విస్తళ్ళుగా కుడుతూ కూర్చుంది. నేను పక్కన ఆకులు అందిస్తున్నాను.

"అమ్మమ్మా, కొత్త కాకుండా తింటే ఏటౌతాది?" అని అడిగాను.

"ఏటీ కాదు. కడుపునొప్పి కూడా రాదు," అంది.

"మరైతే తినీవచ్చు కదా."

"తిన్నోడు ఊరుకోడే గుంటా. పుల్లగున్నా తియ్యగుందంటాడు. తినీసినాడు కదా, మరేటంటాడు? ఆడి మాట ఇని ఊరంతా సెట్టెక్కీత్తారు. టెంక ముదరదు, కాయ పనికిరాదు. అందుకే తింటే అందరం ఒక్క రోజే తినాల."

"పొరపాటున తినీత్తే?"

ఆవిడ చేతిలో ఈనె ఆగింది. నా ముఖంలోకి చూసింది. "నువ్వు తిన్నావేటి?"

"నేదు."

"తింటే సెప్పీయాల. సెప్పీసి, కాయ ముదిరిందా నేదా అని ఎవులైనా అడిగితే నోరు మూసుకోవాల. అంతే. దానికి ఏడుపెందుకు?"

నేను ఏడవలేదు, ముఖం అలా ఉందేమో. మామిడికాయ మట్టుకు నేను చెప్పింది నిజమే. లేచి లోపలికి వెళ్ళి అమ్మకి మంచినీళ్ళు ఇచ్చాను. అమ్మమ్మ మీద కోపం వచ్చింది. బడి మెట్లెక్కని మనిషి, ఆకులు కుట్టుకుంటూ, మా గైడ్ ఒక సెమిస్టరు పాటు చెప్పింది నాలుగు ముక్కల్లో చెప్పేసింది. అయినా నేను ఎవరికీ చెప్పలేదు. అర్థం కావడం వేరు, నాలుగేళ్ళ పని వదులుకోవడం వేరు.

సెలవు అయిపోయి తిరిగి వెళ్ళాను. ముసుగు తీసే అనుమతికి ఒక ఫారం నింపాలి. అందులో ప్రశ్నలన్నీ మామూలువే. ఒకటి మాత్రం, మూసిన చోటు డేటాని మీలో ఎవరైనా చూశారా అని. అందరూ లేదని టిక్ పెట్టి పోతారు. ఆ ప్రశ్న నన్నే అడుగుతున్నట్టు అనిపించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. రెండు రోజులు ఫారం అలాగే బల్ల మీద ఉంచాను. మూడో రోజు దాన్ని పట్టుకుని మా గైడ్ గది తలుపు తట్టాను.

మా గైడ్ అరవైకి దగ్గరపడ్డ మనిషి. తక్కువ మాట్లాడతారు, ఆ తక్కువ కూడా బోర్డు వైపు తిరిగి మాట్లాడతారు. నేను మొత్తం చెప్పాను. బండ, బాణం మీట, అరుగు, చుక్కలు. ఎక్కడ లేచాయో చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు.

"అది నాకు చెప్పకు. నేనూ పనికిరాకుండా పోతాను," అన్నారు. తర్వాత అడిగారు. "చూశాక ఏమైనా మార్చావా?"

"లేదు సర్. ఏమీ మార్చలేదు."

ఆ మాట తడుముకోకుండా చెప్పాను. మా అమ్మ బైబిలు మీద చెయ్యి వేయించినా అదే చెప్పేదాన్ని. ఇంత ఒప్పుకున్న మనిషికి ఇంకో అబద్ధం ఎందుకు? ఆయన నమ్మారనే అనుకుంటాను. అయినా, "లాగ్ తియ్యి," అన్నారు.

మేము ప్రోగ్రాములో ఏ అక్షరం మార్చినా, ఎప్పుడు మార్చిందీ ఎందుకు మార్చిందీ ఒక చోట నమోదౌతుంది. దాన్ని ఎవరూ చెరపలేరు. లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి, ఆ వారం తీశాను. నేను ఆ చుక్కలు చూసిన మర్నాటి పొద్దున ఒక వరుస ఉంది. శక్తికి పెట్టిన కట్ ఒకటి ముప్ఫై నుంచి ముప్ఫై నాలుగుకి మారింది. పక్కన కారణం నా మాటల్లోనే ఉంది. "అంచుల్లో అనవసరపు గోల ఉంది. చిన్న సవరణ."

ఆయన ఆ తేదీ మీద వేలు పెట్టారు.

నాకది గుర్తుంది. బండ మీద కూర్చుని మార్చడం, అంచుల్లో గోల ఎక్కువుందని అనుకోవడం గుర్తున్నాయి. ఆ గోల నిజంగానే ఉంది, కారణం ఈ రోజుకీ తప్పు కాదు. దాన్ని నెల ముందు ఎందుకు మార్చలేదో, ఆ పొద్దునే ఎందుకు మార్చానో మాత్రం నా దగ్గర జవాబు లేదు. చుక్కలు ఇంకాస్త లేస్తాయని అనుకుని చేశానా? అలా అనుకున్న గుర్తు లేదు. అనుకుని చేసి ఉంటే బాగుండేది, దొంగనని తెలిసేది. నాకు సిగ్గేసింది. పట్టుబడినందుకు కాదు. నిమిషం క్రితం అంత ధీమాగా అబద్ధం చెప్పి, అది అబద్ధమని నాకే తెలియనందుకు.

"సరే," అన్నారు ఆయన. ఫారం తీసుకుని సొరుగులో పెట్టారు.

నా పని నాకన్నా రెండేళ్ళు వెనక చేరిన అమ్మాయికి ఇచ్చారు. నా కట్‌లన్నీ తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టమన్నారు. నాకు డిటెక్టర్ ఒక మూల ఎంత బాగా పనిచేస్తోందో కొలిచే పని అప్పజెప్పారు. అవసరమైన పనే, కానీ ఎవరూ పదిమందినీ పిలిచి గొప్పగా చెప్పుకునేది కాదు. ఆ అమ్మాయి మంచిది. క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుని, "అక్కా, ఈ కట్ ముప్ఫై దగ్గర పెట్టనా, పైకి జరపనా?" అని అడిగేది. నేను ఏమన్నా చెప్పినట్టే, ఏమీ అనకపోయినా చెప్పినట్టే. టీ గ్లాసులోకి చూస్తూ కూర్చునేదాన్ని. ఏడాది పైన అలా టీ తాగాను. నాకు టీ పిచ్చి అన్న పేరు వచ్చింది.

ఆ మూడు చుక్కలు మాత్రం నన్ను వదల్లేదు. ఆ అమ్మాయికి కూడా అవి కనబడాలని కోరుకున్నాను. కనబడితే నా తప్పు చిన్నదైపోతుందనీ, చుక్కలు నిజమైతే నేను చూడడం వల్ల పోయిందేమీ లేదనీ లెక్క వేసుకున్నాను. అంత జరిగాక కూడా ఆశ పోలేదు.

ముసుగు తీసిన రోజు మీటింగు గదిలో పదిహేను మందిమి, తెర మీద ఇంకో యాభై మంది. ఆ అమ్మాయి మీట నొక్కింది. పట్టీలో చుక్కలు గీత మీదే ఉన్నాయి. ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద. ఎవరో చప్పట్లు కొట్టారు, పద్ధతిగా జరిగిందని. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు, మాకు ఎలుక కూడా దొరకలేదు. మా రంగంలో అదీ ఒక ఫలితమే. ఈ కణం ఇక్కడ లేదు అని రాసుకుని ఇంకో చోట వెతుకుతారు. అందరూ టీకి వెళ్ళారు.

నేను గదికి వచ్చి నా పాత ప్రోగ్రాము తెరిచాను. ఇప్పుడు చూడడం తప్పు కాదు. నేను అరుగు మీద చూసింది కొద్దిపాటి డేటా. తక్కువ డేటాలో చుక్కలు ఊరికే లేవడం, తర్వాత సర్దుకోవడం మామూలే. ఆ సవరణకి ముందున్న నా కట్‌లతో మొత్తం డేటా వేశాను. గీత సాపుగా వచ్చింది. అప్పుడు ఆ ఒక్క కట్‌ని ముప్ఫై నాలుగు చేశాను. గీత మీద మూడు చుక్కలు లేచాయి. మళ్ళీ ముప్ఫై చేశాను, అణిగిపోయాయి. ముప్ఫై నాలుగు, లేచాయి. అలా ఎన్నిసార్లు చేశానో గుర్తు లేదు. ప్రకృతిలో ఉన్నదని నేను సంబరపడ్డది, నేను చేతులతో నిలబెడుతున్నది. ఆ రోజు చెప్పకపోయి ఉంటే వందల మంది దాని వెనక పరిగెత్తేవారు. నేను ముందు నడిచి ఉండేదాన్ని, నిజాయితీగానే.

ఆ తర్వాతి ఏడు డిటెక్టర్ మూల మీద థీసిస్ రాశాను. చివర ఒక అనుబంధంగా ఆ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టాను. కింద ఏం జరిగిందో రాశాను. చూసిన తేదీ, మార్చిన తేదీ, మార్చిన కట్. మా గైడ్ మొత్తం చదివి, ఆ పేజీ దగ్గర ఆగారు. మా పేపర్లలో ఒక మనిషి ఉండడు, వేలమంది పేర్లు ఉంటాయి. ఏం చేసినా మేము చేశాం అనే రాస్తాం, ఒక్కడు రాత్రింబవళ్ళు కూర్చుని చేసినా సరే.

"ఇది పెట్టాల్సిన అవసరం లేదు," అన్నారు. "ఎవరూ అడగలేదు."

"పెడతాను సర్."

ఆయన కలం తీసి, నేను మార్చాను అన్న మాట కింద గీత గీశారు. నా మీద దయతోనే అని నాకు తెలుసు. "అయితే కనీసం, మేము మార్చాం అని రాయి. అందరూ అలాగే రాస్తారు. నీ ఒక్కదాని మీద ఉండదు."

"మీరు మార్చలేదు కదా సర్," అన్నాను.